తొమ్మిదిన్నర అంగుళాల పడవ, అరకిలో లప్పం

మొదటిసారి చెక్కతో పడవ మోడల్ చేద్దామనుకునేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తాను. మూడు తెరచాప స్తంభాలు, రెండు వరసల ఫిరంగులు ఉన్న యుద్ధనౌక కిట్ చూసి మనసు పారేసుకోకండి. పెట్టె మీద బొమ్మ ఎప్పుడూ అందంగానే ఉంటుంది, ఆ బొమ్మ చేసినవాడు ముప్పై ఏళ్ళుగా అదే పని మీద ఉన్నాడన్న సంగతి పెట్టె మీద రాయరు. చిన్నది, తెరచాప లేనిది, పైన కప్పు లేనిది, లోపలా బయటా రెండూ కనిపించేది ఒకటి తెచ్చుకోండి. అదేదో సులువుగా అయిపోతుందని కాదు, నాకు దాంతోనే చుక్కలు కనిపించాయి. కాకపోతే చిన్న పడవ దగ్గర చుక్కలు కనిపిస్తే పోయేది ఒకట్రెండు పలకలు, కాస్త నిద్ర. పెద్ద ఓడ దగ్గర అదే జరిగితే పెట్టె అటకెక్కుతుంది, ఇక దిగదు.

నాకు తగిలింది డోరీ. మా బావ మసాచుసెట్స్‌లో ఉంటాడు, కిందటిసారి కాకినాడ వచ్చినప్పుడు "నీకు ఈ చెక్కపని పిచ్చి ఉంది కదరా, ఇది చేసి చూపించు" అని పెట్టె చేతిలో పెట్టాడు. పెద్దది తెద్దామనుకున్నాడట గానీ సూట్‌కేసులో అక్కయ్య పచ్చళ్ళ డబ్బాలకి చోటు ఉంచాల్సి వచ్చి ఇది తెచ్చాడు. ఆ పచ్చళ్ళకి నేను రుణపడి ఉన్నాను.

డోరీ గురించి తెలియనివాళ్ళకి కాస్త చెప్తాను. కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ పక్కన అట్లాంటిక్‌లో గ్రాండ్ బ్యాంక్స్ అని లోతు తక్కువ ప్రాంతం ఉంది, కాడ్ చేపలకి శతాబ్దాలుగా పేరుపడింది. 19వ శతాబ్దంలో మసాచుసెట్స్‌లోని గ్లాస్టర్ లాంటి రేవుల నుంచి స్కూనర్లు అనే తెరచాప ఓడలు అక్కడికి వెళ్ళేవి. ఓడ మీద నుంచి ఈ చిన్న డోరీలని నీళ్ళలోకి దించితే ఒక్కో దాన్లో ఒకరిద్దరు మనుషులు తెడ్లేసుకుంటూ పోయి, వందల గేలాలు కట్టిన పొడవాటి తాళ్ళు వదిలి, పడిన చేపలతో మళ్ళీ ఓడ చేరుకునేవాళ్ళు. పొగమంచు కమ్మేసి ఓడ కనపడక తప్పిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. అడుగు చదునుగా ఉంటుంది, పక్కలు బయటికి బాగా వాలి ఉంటాయి, అందుకని కూర్చునే బల్లలు తీసేస్తే ఒకదాన్లో ఒకటి ఇమిడిపోతాయి, ఓడ డెక్కు మీద కొద్ది జాగాలోనే దొంతరగా పేర్చేవాళ్ళు. ఇంకో తమాషా ఏమిటంటే ఖాళీ డోరీ నీళ్ళ మీద నిలకడ లేకుండా అటూ ఇటూ ఊగుతుంది, చేపలతో బరువెక్కేకొద్దీ నిమ్మళంగా కూర్చుంటుంది. బావ వాళ్ళకి దగ్గర్లోనే ఏమ్స్‌బరీ అనే ఊళ్ళో 1793లో మొదలైన లోవెల్ వాళ్ళ పడవల షాపు ఇప్పటికీ ఉంది, డోరీలు అంటే అక్కడ ముందు ఆ పేరే చెప్తారు.

నా కిట్ 1:24 స్కేలు. అంటే అసలు పడవలో రెండడుగులు మన మోడల్లో ఒక అంగుళం. పందొమ్మిది అడుగుల డోరీ తొమ్మిదిన్నర అంగుళాలకి దిగుతుంది. ఇది చదివి "ఓస్, ఇంతేనా" అనుకున్నాను. కానీ ఈ లెక్క రెండో వైపు నుంచి కూడా పనిచేస్తుంది: నేను రెండు పలకల మధ్య ఒక్క మిల్లీమీటరు సందు వదిలానంటే అది అసలు పడవలో ఇరవై నాలుగు మిల్లీమీటర్లు, దాదాపు అంగుళం. అంగుళం సందున్న పడవలో ఎవరు ఎక్కుతారు? మోడల్ నీళ్ళలో వేసేది కాదనుకోండి, అయినా చూసే కంటికి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది, ఎందుకు బాలేదో చెప్పలేకపోయినా బాలేదని మాత్రం చెప్పేస్తారు.

మొదటి దెబ్బ పని మొదలు పెట్టకముందే తగిలింది. పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరు చించి, చెక్క షీట్లు అన్నీ ఒకసారి తనివితీరా చూసుకుని బీరువా మీద పెట్టాను. వానాకాలం, కాకినాడ, కిటికీ పక్కన బీరువా. మిల్లీమీటరు మందం బాస్‌వుడ్ షీట్లు అవి. కొన్నాళ్ళకి తీసి చూస్తే అప్పడాల్లా వంపు తిరిగి ఉన్నాయి. పైవైపు గాలి తగిలి తేమ పీల్చుకుంది, కింద బీరువాకి ఆనిన వైపు పీల్చుకోలేదు, తేమ పట్టిన వైపు ఉబ్బితే షీటు రెండో వైపుకి వంగుతుంది, అంతే సంగతి. రెండు వైపులా తడిబట్టతో సమానంగా తుడిచి, పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన మిగిలిపోయిన గ్రానైట్ ముక్క పెట్టి, పేపర్లు తడిసినప్పుడల్లా మారుస్తూ పోతే తిన్నగా అయ్యాయి. సముద్రం పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళు కవరు చించకుండా ఉంచండి, లేదా మళ్ళీ మూతపెట్టే డబ్బాలో పెట్టండి.

ముక్కలు షీటు నుంచి విడదీయడం గురించి ఎక్కువ చెప్పను. లేజర్‌తో కోసి ఉంటాయి, అంచులు గోధుమరంగులో మాడి ఉంటాయి, ఆ మాడు గీకెయ్యకపోతే జిగురు సరిగ్గా పట్టదు. నంబర్లు ముక్కల మీద ఉండవు, ప్లాన్ కాగితంలో ఉంటాయి. విడదీసేముందే పెన్సిల్‌తో రాసుకోండి. ఖాళీ షీటు మాత్రం పారెయ్యకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

అసలు కథ ఫ్రేముల దగ్గర, అంటే పడవకి పక్కటెముకల్లా ఆకారమిచ్చే అడ్డ చెక్కల దగ్గర మొదలవుతుంది. ఈ పడవని బోర్లా కడతారు. ఒక తిన్నటి బల్ల మీద ఫ్రేముల్ని తలకిందులుగా నిలబెట్టి, ముందు స్టెమ్ అనే కొయ్య, వెనక ట్రాన్సమ్ అనే సన్నటి పలక అమర్చి, వాటి మీద అడుగు పలక అతికించి, తర్వాత పక్క పలకలు ఒక్కొక్కటే తొడుగుతారు. ఫ్రేములు కోసినప్పుడు వాటి అంచు నిటారుగా, తొంభై డిగ్రీల్లో ఉంటుంది. కానీ పడవ నడుము దగ్గర వెడల్పు, రెండు కొసల్లో సన్నం, అంటే పలక ఏ ఫ్రేము మీదా తిన్నగా ఆనదు, ఏటవాలుగా వచ్చి ఆనుతుంది. కొసలకి దగ్గరగా ఉన్న ఫ్రేముల మీద ఆ వాలు మరీ ఎక్కువ. కాబట్టి ప్రతి ఫ్రేము అంచునీ పలక ఏ కోణంలో వస్తుందో ఆ కోణానికి అరగదీయాలి. ఇంగ్లీషులో దీన్ని ఫెయిరింగ్ అంటారు. మోడల్ అందమంతా ఇక్కడే తేలిపోతుంది, ఆ తర్వాత మనం చేసేదంతా ఇక్కడ చేసిన దాని మీద తొడుగు వెయ్యడమే.

ఇంత పెద్ద పనికి కిట్‌తో నాకొచ్చిన పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది: ఫ్రేముల అంచుల్ని తగినంత వాలుగా సాండ్ చేయండి అని. తగినంత! వంటల పుస్తకంలో ఉప్పు తగినంత అని రాస్తే నాలిక మీద వేసుకుని చూస్తాం, ఇక్కడ దేన్ని వేసుకుని చూడాలి? అదే పుస్తకంలో తెడ్డు ఆనించే చిన్న కర్రముక్కల గురించి రెండు పేజీలు, బొమ్మలతో సహా ఉన్నాయి. రాసినవాళ్ళకి అది చేతికి అలవాటైన పని, చెప్పాల్సిన అవసరం ఉందని తోచి ఉండదు. కొత్తవాళ్ళ కోసమని అమ్మే కిట్టు కొత్తవాడికి ఏది తెలియదో అదే చెప్పకపోతే ఎలా?

నేనేం చేశానంటే సాండ్‌పేపర్ ముక్క మడిచి ఒక్కో ఫ్రేము అంచునీ విడివిడిగా రుద్దుకుంటూ పోయాను. మడిచిన పేపరు మెత్తగా ఉంటుంది కాబట్టి అంచు వాలుగా అవ్వకుండా గుండ్రంగా అయిపోయింది. ఒక ఫ్రేము దగ్గర ఎక్కువ పోయింది, పక్కదాని దగ్గర తక్కువ పోయింది. కంటికి మాత్రం బ్రహ్మాండంగా కనిపించింది.

మా వీధి చివర తలుపులు, మంచాలు చేసే వడ్రంగి మేస్త్రి గారు ఉన్నారు. ఇలాంటి చిన్నపని ఆయన ఎప్పుడూ చేయలేదు, అయినా బల్లతో సహా పట్టుకెళ్ళి చూపించాను.

"ఏదండీ, ఇలా ఇవ్వండి" అని బల్ల కంటి ఎత్తుకి లేపి, ఒక కన్ను మూసి ముందు నుంచి వెనక్కి చూశారు. తర్వాత నా దగ్గరున్న సన్న చెక్కబద్ద తీసుకుని ఫ్రేముల మీద అడ్డంగా, పలక ఎలా వస్తుందో అలా ఆనించి పట్టుకున్నారు. "ఇదిగో చూడండి, ఇక్కడ మూల మీద నిలబడింది. అంచు అంచంతా కూర్చోవాలి. ఇక్కడైతే అసలు ముట్టుకోనే లేదు, గాలి ఆడుతోంది."

నిజమే. బద్ద వెనకాల ఫోన్ టార్చి పెడితే ఆ ఫ్రేముకీ బద్దకీ మధ్య వెలుగు గీత కనిపించింది. పక్క ఫ్రేము దగ్గర బద్ద ఉబ్బెత్తుగా ఎత్తుకుంది. అంతవరకు నా కంటికి ఒకే వంపులా ఉన్నది, బద్ద ఆనించేసరికి గతుకుల రోడ్డని తేలింది.

ఆయన చెప్పిన పద్ధతి ఇది, చాలా సింపుల్. ఐస్‌క్రీమ్ పుల్ల కంటే పొడవైన, తిన్నటి బద్దకి సాండ్‌పేపర్ అతికించాలి. అది ఒకేసారి రెండు మూడు ఫ్రేముల మీద ఆనేంత పొడవు ఉండాలి. దాన్ని పలక వచ్చే దారిలోనే ముందుకీ వెనక్కీ ఆడించాలి. అప్పుడు ఏ ఫ్రేముకి ఎంత వాలు కావాలో మనం లెక్క కట్టక్కర్లేదు, పక్క ఫ్రేములే చెప్తాయి. రుద్దే ముందు ప్రతి అంచునీ పెన్సిల్‌తో నల్లగా నింపుకోవాలి. రుద్దాక నలుపు ఎక్కడ పోయిందో అక్కడ పేపరు తగిలింది, ఎక్కడ ఉందో అక్కడ ఇంకా పల్లం. మొత్తం నలుపు ఒకేలా పోయే వరకు అదే పని. ఎత్తుగా ఉన్నచోట 120 నంబరు పేపరు, దగ్గరపడ్డాక 220. మరి నేను ఇప్పటికే ఎక్కువ అరగదీసిన ఫ్రేము సంగతి? దానికి సన్న చెక్కపొర ఒకటి అంచు మీద అతికించి, ఆరాక మళ్ళీ మిగతా ఫ్రేములతో పాటు రుద్దడమే. "పోయిన చెక్కని తెచ్చుకోవచ్చండి, దానికేముంది" అన్నారు మేస్త్రి గారు, డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు గానీ పడవ అయ్యాక చూపించమన్నారు.

అడుగు పలకకి కూడా ఇదే తంతు. డోరీ అడుగు చదును అన్నానే గానీ అది అడ్డంగా చదును, నిలువుగా ముందూ వెనకా కాస్త పైకి లేచి ఉంటుంది. దాని అంచు కూడా మొదటి పక్క పలక వచ్చే వాలుకి కొయ్యాలి, ఆ వాలు పొడవునా మారుతూ పోతుంది.

ఇక పలకలు. కొత్తవాళ్ళందరూ భయపడేది వీటికే, నేనూ భయపడ్డాను, కానీ చెక్క వంచడం అనుకున్నంత కష్టం కాదు. ఏ దిక్కుకి వంగదో తెలుసుకోవడమే కష్టం. పన్నెండంగుళాల స్టీలు స్కేలు తీసుకోండి. వెడల్పు వైపు నుంచి హాయిగా విల్లులా వంగుతుంది. అదే స్కేలుని అంచు దిక్కుగా వంచి చూడండి, వంగదు, మరీ బలవంతం చేస్తే మెలి తిరుగుతుంది. పలక కూడా అంతే. పడవ పక్క నుంచి చూస్తే పలక కింది నుంచి పైకి వంకర తిరిగి ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ దాన్ని అలా వంచి పెట్టలేదు, ముందే ఆ వంకరలో కోశారు. కిట్‌లో పలకలు అరటిపండు ఆకారంలో ఎందుకు ఉన్నాయా అని మొదట నాకు అర్థం కాలేదు. ఫ్రేముల మీద కూర్చోక మొండికేస్తే క్లిప్పు పెట్టి అంచు దిక్కుకి లాగాను. లాగితే వచ్చినట్టే వచ్చి, పై అంచు ఫ్రేము నుంచి ఎత్తుకుని నిలబడింది. పలకది తప్పు కాదు, నా ఫ్రేమే ఒకచోట ఇంకా ఎత్తుగా ఉంది. ఎక్కడో మొదట్లో చేసిన తేడా మూడు మెట్లు దాటాక బయటపడుతుంది, అప్పుడు మనం మూడో మెట్టుని తిట్టుకుంటూ కూర్చుంటాం.

వంచడానికి ఆవిరి పట్టాను. ఇంట్లో ఆవిరి పట్టే సాధనం ఏముంది, ఇడ్లీ పాత్రే. ప్లేట్లు తీసేసి, నీళ్ళు మరిగించి, మూత కొంచెం పక్కకి జరిపి పలకని ఏటవాలుగా దింపాను.

"ఒరేయ్, రేపు పొద్దున్న దాంట్లో ఇడ్లీలు వెయ్యాలిరా, ఏంటా కంపు?" అంది అమ్మ.

"కంపేం లేదమ్మా, చెక్కే."

"అదేరా, ఇడ్లీలు చెక్క వాసనొస్తాయి."

రాలేదు, నేను ప్రత్యేకంగా వాసన చూశాను. ఆ మాట పక్కన పెడితే, వేడీ తేమా కలిస్తే చెక్క పోగుల మధ్య ఉండే లిగ్నిన్ మెత్తబడుతుంది, అప్పుడు వంచి పట్టుకుని చల్లారనిస్తే ఆ వంపు చాలావరకు నిలిచిపోతుంది. మిల్లీమీటరు పలకకి కాసేపు ఆవిరి చాలు. గంటల తరబడి నానబెట్టాలని కొందరు చెప్తారు గానీ ఇంత సన్న చెక్కకి అది దండగ, ఊరికే ఉబ్బుతుంది.

ఉబ్బడం గురించే చెప్పాలి. వంచిన పలకని తడిగా ఉండగానే ఫెవికాల్ రాసి, బట్టల క్లిప్పులు పెట్టి పడుకున్నాను. రాత్రి చూస్తే సందు లేకుండా అతికింది. పొద్దున్నకి స్టెమ్ దగ్గర గోరు దూరేంత సందు. చెక్క పొడవునా దాదాపు పెరగదు, తరగదు, వెడల్పులో మాత్రం తడికి పెరుగుతుంది, ఆరితే తరుగుతుంది. నేను అతికించింది పెరిగిన పలకని. వంచాక జిగురు లేకుండా క్లిప్పులు పెట్టి, పూర్తిగా ఆరనిచ్చి, తీసి, అప్పుడు జిగురు రాసి మళ్ళీ పెట్టాలి. ఇది ఎవరైనా చెప్పేదే, ఎండాకాలం రాజమండ్రిలో ఒక రాత్రిలో ఆరిపోతుందేమో గానీ వానాకాలం కాకినాడలో పూర్తిగా ఆరడానికి ఇంకా టైము పడుతుంది. తొందరైతే హెయిర్ డ్రైయర్ దూరం నుంచి పట్టండి.

తర్వాతి దెబ్బ అన్నిటికంటే పెద్దది. డోరీ పలకలు అంచుకి అంచు ఆనించి పెట్టరు, ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి పెడతారు. నాకు ఎడమ వైపు చేతికి బాగా అందుతోంది, పని ఊపు మీద ఉంది, కాబట్టి ఎడమ వైపు పలకలన్నీ కింది నుంచి పై దాకా పెట్టేసి తర్వాత కుడి వైపు చూసుకుందామనుకున్నాను. పైగా పక్కన క్లిప్పులకి అడ్డొస్తోందని పడవని బల్ల నుంచి ముందే విడదీశాను. వంచి పెట్టిన పలక ఎప్పుడూ తిన్నగా అవ్వాలనే చూస్తుంది, ఒక వైపు అన్ని పలకలూ లాగుతుంటే రెండో వైపు పట్టుకునేవాళ్ళు లేరు. టీపాయ్ గాజు మీద పెట్టి చూస్తే ఒక మూల లేచింది, నొక్కితే ఇంకో మూల లేచింది. గుండ్రటి అడుగున్న పడవైతే ఎవరికీ తెలిసేది కాదు, చదును అడుగు కాబట్టి దాచుకోవడానికి లేదు. ఎడమది ఒకటి, కుడిది ఒకటి, అలా జతగా పోవాలి, కుడివైపు చివరి పలక ఆరేదాకా బల్ల నుంచి విడదీయకూడదు.

విప్పక తప్పలేదు. ఆరిన తెల్ల జిగురు నీళ్ళకి మెత్తబడుతుంది గానీ నీళ్ళు పెడితే చెక్క మళ్ళీ ఉబ్బుతుంది, కాబట్టి మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ స్పిరిట్ బ్రష్‌తో అతుకు పొడవునా రాసి, కాసేపాగి, బ్లేడు వెనక వైపుతో మెల్లగా లేపాలి. రెండు బాగానే ఊడాయి. మధ్యది మాత్రం పై పలక అంచు పట్టుకున్నచోట నిలువునా చీలిపోయింది.

ఖాళీ షీటు దాచమన్నది ఇందుకే. పలక పోయినా ఆ పలక కోసిన కంత షీటులో అలాగే ఉంటుంది. కొత్త చెక్క మీద ఆ షీటు పెట్టి కంత లోపలి అంచు వెంబడి పెన్సిల్ తిప్పితే అచ్చం అదే ఆకారం వస్తుంది. కొత్త చెక్క ఎక్కడిది? బాస్‌వుడ్ మా దగ్గర దొరకలేదు. విమానాల మోడళ్ళకి వాడే బాల్సా ఆన్‌లైన్లో దొరుకుతుంది కానీ మరీ మెత్తన, గోరు తగిలితే గుంట పడుతుంది. ప్లైవుడ్ షాపులో టేకు వెనీర్, అంటే పల్చటి టేకు పొర, శాంపిల్ ముక్కలు అడిగితే ఊరికే ఇచ్చారు. అర మిల్లీమీటరు మందం ఉన్నవి రెండు పొరలు, మధ్యలో ఫెవికాల్, ఫ్రేముల మీదే వంచి క్లిప్పులు పెడితే ఆరాక ఆ వంపులోనే బిగుసుకుపోయింది, ఆవిరి కూడా అక్కర్లేదు. నిజం చెప్పాలంటే నా పడవలో అన్నిటికంటే బాగా కూర్చున్న పలక అదే. ఒక్కటే చిక్కు, పడవంతా పాలమీగడ రంగు, మధ్యలో ఒకటి టేకు రంగు.

వార్నిష్ కొట్టి చెక్క చెక్కలా కనిపించేలా ఉంచాలన్న కోరిక అలా పోయింది. ఎలాగూ పోయేదే లెండి, ఎందుకంటే జిగురు మరకలు. తడిగా ఉన్నప్పుడు కారిన జిగురు తుడిచేస్తే పోయినట్టే కనిపిస్తుంది, కానీ చెక్క రంధ్రాల్లోకి దిగిపోతుంది, తర్వాత రంగు గానీ స్టెయిన్ గానీ వేస్తే అక్కడ మాత్రం పీల్చుకోక తెల్లమచ్చలా మిగిలిపోతుంది. సూపర్ గ్లూతో ఇంకో గొడవ కూడా ఉంది, అందరూ జాగ్రత్తగా వినండి. ఒకచోట ఎక్కువ కారితే పూజగదిలో వత్తులు చేసే దూది చేతికందింది, దాంతో తుడిచాను. దూది వేళ్ళ మధ్యే సర్రున వేడెక్కి పొగలొచ్చింది. నూలుకీ సూపర్ గ్లూకీ పడదు, రెండూ కలిస్తే ఒక్కసారిగా గట్టిపడుతూ వేడి పుడుతుంది. దూది, నూలుబట్ట, నూలు గ్లవుజులు, ఏవీ దాని దగ్గరికి రానివ్వకండి.

రంగు వెయ్యాలంటే ముందు లప్పం. చెక్కపొట్టు ఫెవికాల్‌లో కలిపి సందులు పూడ్చాను, ఆరాక అదీ కుంగుతుంది, మళ్ళీ పెట్టాను. ఇక నున్నగా ఉంది అనుకుని ప్రైమర్ ఒక చుట్టు వేసేసరికి అంతవరకు కనపడని ప్రతి గుంటా, ప్రతి గీతా పైకి తేలింది. ప్రైమర్‌కి మొహమాటం లేదు. మళ్ళీ లప్పం, మళ్ళీ 320 పేపరు. అసలు చిక్కు ఏమిటంటే ఒకదాని మీద ఒకటి ఎక్కిన పలకల మధ్య ఒక సన్న నీడ గీత పడుతుంది, డోరీకి అందం ఆ గీతే. లప్పం ధారాళంగా పూస్తే ఆ గీత పూడుకుపోయి పడవ కాస్తా ప్లాస్టిక్ సబ్బుపెట్టెలా తయారవుతుంది. ఒకచోట అలాగే అయ్యింది, పిన్నీసుతో గీత మళ్ళీ తవ్వుకున్నాను. గేటుకి వేసే ఎనామెల్ వద్దు, మందంగా పడుతుంది. ఆక్రిలిక్ నీళ్ళు కలిపి పల్చగా పొర మీద పొర వేస్తే బాగుంటుంది. బ్యాంక్స్ డోరీలకి లేత పసుపు బాగా వాడేవాళ్ళు, నేనూ అదే వేశాను, టేకు పలక కనపడకుండా పోయింది.

కూర్చునే బల్లలు మాత్రం జిగురు పెట్టకుండా వదిలేశాను. పుస్తకంలో అతికించమనే ఉంది. కానీ బల్లలు తీస్తే ఒకదాన్లో ఒకటి ఇమిడేదే డోరీ, ఊడిరాని బల్లలున్న డోరీ గ్లాస్టర్ స్కూనర్ మీద ఎక్కేదే కాదు. బల్లలు కదిలితే నాసిరకం పని అనుకునేవాళ్ళు అనుకోనీ.

ఫ్రేములతో అన్నాళ్ళు కుస్తీ పట్టినవాడికి మన తీరం పడవల సంగతి వేరేగా కనిపిస్తుంది. కోరమాండల్ తీరంలో మసూలా పడవలని ఉండేవి, వాటికి ఫ్రేములే ఉండవు. పలకల అంచులకి కంతలు వేసి కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేసేవాళ్ళు. మేకు లేదు. కెరటం కొట్టినప్పుడు పడవ మొత్తం కాస్త వంగి లేస్తుంది కాబట్టి పగలదు, రేవులు లేని ఒడ్డుకి సరుకుల్నీ మనుషుల్నీ దించింది ఇవే. ఫ్రేముల సాయం లేకుండా ఆకారం ఎలా తెచ్చారు అంటే పలకల్ని ముందే ఆ ఆకారానికి చెక్కి, కుట్టడంలోనే బిగించుకుంటూ వచ్చేవాళ్ళు. అంటే ఆకారం కంట్లోనూ చేతిలోనూ ఉండాలి. నాకు బద్ద ఆనించి, టార్చి వేసి చూస్తే గానీ వంపు తెలియలేదు. మాకు దగ్గర్లోనే ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడల రేవు, ఓడలు కట్టే ఊరు, 1839 తుపానుకి దెబ్బతింది. పక్కనే తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే మేస్త్రులు నిన్నమొన్నటి దాకా ఉన్నారు. బస్సులో ఆ ఊళ్ళ మీదుగా యానాం ఎన్నిసార్లో వెళ్ళాను, ఒక్కసారీ దిగి చూడలేదు. రెండో మోడల్ అంటూ చేస్తే గోదావరి నాటు పడవే చెయ్యాలని ఉంది, దానికి కిట్ లేదు, ప్లాన్ లేదు, టేపు పట్టుకుని వెళ్ళి కొలుచుకోవాల్సిందే. ఎవరి దగ్గరైనా అలాంటి కొలతలు రాసిపెట్టినవి ఉంటే కింద చెప్పండి.

ఇప్పుడు పడవకి మిగిలింది తాడు పని. డోరీకి ముందొకటి, వెనకొకటి తాడుతో చేసిన పట్టీలుంటాయి, ఓడ మీద నుంచి దించేటప్పుడు, లేపేటప్పుడు కప్పీ కొక్కేలు తగిలించడానికి. అసలు తాడు అంగుళం మందం అనుకుంటే ఇక్కడ మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. పురికొస సరిగ్గా అంతే ఉంది కానీ దాని నూగు ఈ స్కేలులో జడలు విరబోసుకున్నట్టుంది. కొవ్వొత్తి మైనం రాసి చూస్తే కొంత అణిగింది. మిషను దారం మూడు పోగులు పేనితే నున్నగా వచ్చింది గానీ మరీ తెల్లగా ఉంది. టీ డికాక్షన్‌లో వేసి ఆరబెట్టాను, రంగు బాగానే పట్టింది, తడికి ముడుచుకుని పేనిక మాత్రం ఒక కొస నుంచి విడిపోయింది. ముందు డికాక్షన్‌లో ముంచి, ఆరాక పేనితే విడిపోదని అమ్మ అంటోంది. ఆదివారం అలా చేసి చూడాలి.